లడ్డూ దొంగ నవల రాస్తున్న మా అబ్బాయికి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కాలనీ వినాయకుడి చేతిలో లడ్డూ పట్టపగలు మాయమవడం! పదేళ్ల పిల్లలకి ఇంతకన్నా మంచి నేరం దొరకదు. హత్యలూ కిడ్నాపులూ మనకెందుకు? బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. ఏటా ఆ కబుర్లు వింటూ పెరిగే మన పిల్లలకి, లడ్డూ పోతే కాలనీ పరువు పోయినట్టేనని విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు పోలీసుల దాకా ఎందుకు వెళ్లరో కూడా అందులోనే ఉంది. పైగా ఆ పండగ రోజుల్లో రాత్రి పదింటి దాకా బయట తిరిగినా ఇంట్లో ఎవరూ కేకలెయ్యరు.

అయితే నాన్నా, నీ నవలలో నవ్వు ఒక దారిన, మిస్టరీ ఇంకో దారిన పోతున్నాయి. ఒక పేజీ నిండా జోకులు, తర్వాతి పేజీలో ఆధారాలు. ఆధారం వస్తోందంటే ముందే తెలిసిపోతోంది. పిల్లలు గడుసువాళ్లు, ఠక్కున పట్టేస్తారు. నవ్వేటప్పుడే కాస్త ఏమరుపాటుగా ఉంటారు. అందుకని ఆధారాన్ని తీసుకెళ్లి నవ్వు కిందే దాచు.

ఎలాగో నీ కథలోనే చూపిస్తాను. 2024 క్యాలెండర్ ముందు పెట్టుకో. చవితి సెప్టెంబర్ 7, శనివారం. నిమజ్జనం 17, మంగళవారం. మధ్యలో ఒక్కటే శుక్రవారం, 13న. లడ్డూ ఆ మధ్యాహ్నం పోయిందనుకో. అప్పుడు నిమజ్జనానికి నాలుగు రోజులే గడువు. కథకి తొందర దానంతట అదే వస్తుంది. ఆ టైములో ఎక్కడున్నారని పిల్లలు అడిగితే, కమిటీ సెక్రటరీ అంకుల్ 'చుట్టాల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను' అంటాడు. అక్కడి గడియారంలోంచి గంటగంటకీ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది కదా, అది చేసి చూపిస్తాడు. గరిటెతో స్టీలు పళ్లెం మీద మూడు దెబ్బలు కొట్టి, బిగదీసుకుని వెనక్కి వెనక్కి నడిచి కర్టెన్‌లోకి దూరతాడు. కర్టెన్ రాడ్డు ఊడి నెత్తిన పడుతుంది. చదివే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మ్యూజియానికి శుక్రవారం సెలవని ఒక్కరికీ తట్టదు.

కానీ ఆ సెలవు సంగతి నెల్లూరు పిల్లాడికి ఎలా తెలుస్తుంది? రెండో అధ్యాయంలోనే చెప్పెయ్యాలి. బడివాళ్లు మ్యూజియం టూర్‌ని శుక్రవారం నుంచి శనివారానికి మార్చారని ఒక్క చీటీ, అది కూడా టిఫిన్ డబ్బా మూతకి అంటుకుని, పులిహోర నూనెతో సగం చెరిగిపోయి కనిపిస్తే చాలు.

అలాగే బ్యాండ్ మేళం పెద్ద డ్రమ్ము. 'ధన్ ధన్' అనాల్సింది 'దబ్ దబ్' అంటోంది. వాయించేవాడు ఒక కాలు ఎత్తి, భుజం గోక్కుని, గిర్రున తిరుగుతున్నాడు. అదేదో కొత్త స్టెప్పనుకుని కాలనీ కాలనీ అలాగే ఎగురుతుంది. వాణ్ని కుడుతున్నవి చీమలని, చీమలున్నచోట తీపి ఉందని తర్వాత తెలియాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. టీచరుగా చేరిన కొత్తలో ఒక దొంగ కథ రాసి క్లాసులో చదివాను. ఆఖర్న ఎక్కడా రాని మనిషిని తెచ్చి దొంగన్నాను. ఏడో తరగతి అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. వెనక పేజీలో అనుమానితుల పేర్లన్నీ వరసగా రాసుకుంది, ఒక్కొక్కటే కొట్టేసింది. "టీచర్, ఈయన ముందు ఎక్కడా లేడు కదా" అంది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అంత శ్రద్ధగా చదివిన పిల్లని మోసం చేశాను.

అనుమానితులు నలుగురైదుగురు చాలు. శ్రీనివాస్, శ్రీధర్, శ్రీకాంత్ అని పెట్టావు, నాకే కలిసిపోయారు. పిల్లలు పిలిచినట్టే '302 అంకుల్', 'కుక్కపిల్ల ఆంటీ' అను.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నాను. నీ వాచ్‌మన్ తెలంగాణ మాట మాట్లాడతాడు, ఆ మాటకే నవ్వాలన్నట్టు రాశావు. మిగతావాళ్లంతా పుస్తకాల భాష. సినిమాలు ఏళ్ల తరబడి చేసిన తప్పే ఇది. తీసెయ్. నీ హీరోయినే "ఏందిరా, గిట్ల జేస్తివి" అననీ, తెలివైన మాటలన్నీ ఆ యాసలోనే రానీ. లావు, నత్తి, నలుపు మీద జోకులు కూడా వద్దు. ఏ క్లాసులోనైనా అలాంటి పిల్ల ఒకతె కూర్చుని నీ పుస్తకం చదువుతుంటుంది.

దొంగ ఎందుకు దాచాడన్నది నువ్వింకా తేల్చలేదు. డబ్బాశ వద్దు. ఎలుక కొరికిన లడ్డూని వేలంలో పెడితే తన తల తీసేసినట్టవుతుందని సెక్రటరీ భయపడ్డాడనుకో. పగిలిన గ్లాసు సోఫా కింద దాచిన ప్రతి పిల్లకీ ఆ భయం తెలుసు. దొరికినప్పుడు వాళ్లు అతన్ని తిట్టుకోరు, జాలిపడతారు.

పూర్తయ్యాక నాలుగిళ్ల పిల్లల్ని మా డాబా మీద కూర్చోబెట్టి చదువుదాం. చివరి అధ్యాయం ముందు ఆపి, దొంగ పేరు చీటీ మీద రాయమందాం. అందరూ ఒకే పేరు రాస్తే నువ్వు తేల్చి చెప్పేశావన్నమాట. ఒక్కరూ సరైన పేరు రాయకపోతే మరీ దాచిపెట్టావన్నమాట. ఇద్దరు ముగ్గురు పట్టుకుని, మిగతావాళ్లు "అరె, ఆ గరిటె!" అని తల కొట్టుకున్నారంటే ప్రెస్సుకి ఇచ్చెయ్యొచ్చు.

వచ్చే ఆదివారం నాలుగో అధ్యాయం పట్టుకుని రా. చీమల సీను మాత్రం నాకు ముందుగా ఫోన్లో చదివి వినిపించు.

మీ పెద్దమ్మ