నాన్న వద్దంటున్న ఉపకారవేతనం

ప్రశ్న: మాది పొందూరు దగ్గర పల్లె. అమ్మ నూలు వడుకుతుంది, నాన్న మగ్గం నేస్తారు. నాకు 19 ఏళ్లు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చిత్రలేఖనంలో డిగ్రీ చదువుతున్నాను. కళలు చదివే అమ్మాయిలకు మా కాలేజీలో ఒక ఉపకారవేతనం ఉంది. దానికి దరఖాస్తు పెట్టమని మాస్టారు చెప్పారు. "ఒకరి ముందు చెయ్యి చాపే గతి మనకు పట్టలేదు" అంటున్నారు నాన్న. "ఆడపిల్లవని ఇస్తున్నారు" అని అన్నయ్య ఎగతాళి. అమ్మ ఏమీ మాట్లాడదు. గడువు పదిహేను రోజులే. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మాట నాకు కోపం తెప్పించలేదు. కష్టపడకుండా పైసా ముట్టని మనిషి అలాగే అంటారు. ఆయనకు తెలిసిన లెక్కలోనే చెప్పు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి మీ అమ్మ లాంటివాళ్లు వడికిన నూలును ఖాదీ సంఘం నేతగాళ్ల చేతికిస్తుంది. బట్ట నేయకముందే నూలు ఇచ్చారు కనుక అది దానమని ఎవరైనా అంటారా? పనితనం మీద నమ్మకంతో ఇస్తారు, నేతగాడు బట్టతో బదులు తీరుస్తాడు. రంగులకూ కాన్వాసుకూ హాస్టలుకూ నీకందే డబ్బు కూడా అలాంటి నూలే.

అన్నయ్య మాటను మాత్రం ఊరికే వదలకు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాలుగా నియమించారు. అక్కడ చదివే రోజుల్లో ఘంటసాల గారు మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి చదువుకున్నందుకు ఆయనను మనం ఇంకా ఎక్కువ గౌరవిస్తాం. ఆ కాలంలో ఒక ఆడపిల్ల జోలె పట్టుకుని వీధి వీధీ తిరగగలిగేదా? సత్రం అరుగు మీద పడుకోగలిగేదా? ఇప్పటికీ ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వస్తే ముందు ఆగిపోయేది చాలాచోట్ల కూతురి చదువే, అందులోనూ బొమ్మల చదువు. అందుకే అమ్మాయిల కోసం వేరుగా ఒక దారి వేశారు. ఆ దారిలో నడవడానికి పనితనం కావాలి. బొమ్మలు చూసే ఎంపిక చేస్తారా అని మాస్టారిని అడిగి, ఆ జవాబు అన్నయ్యకు చెప్పు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ అమ్మ మౌనం. పొందూరు ఖద్దరు పేరు దేశమంతా తెలుసు. ఆ నూలు వడికిన చేతుల పేర్లు ఎవరికీ తెలియవు. ఈ ఆదివారం ఇంటికి వెళ్లు. అమ్మ రాట్నం దగ్గర ఉన్నప్పుడు పక్కన కూర్చుని, నీ బొమ్మలు ఒక్కొక్కటే చూపించు. ఆమెకు ఏమనిపిస్తోందో అడుగు. తొందరపెట్టకు. నాన్నగారితో నువ్వు పదిసార్లు వాదించడం కంటే ఆమె ఒక్కమాట అనడం మేలు.

వీలైతే నాన్నగారిని ఒకసారి కాలేజీకి తీసుకెళ్లు. మార్కులు, హాజరు తగ్గితే డబ్బు ఆపుతారా, మరో ఉపకారవేతనం తీసుకోవచ్చా, ఇవన్నీ ఆయన ముందే అడుగు. ఖాతా నీ పేరుతోనే తెరువు. ఇది రాకపోయినా నిరాశపడకు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున 2 ఏళ్లు ఇచ్చే పథకం ఉంది. దానికి గురువు దగ్గరో సంస్థలోనో కనీసం 5 ఏళ్ల శిక్షణ ఉండాలి. చిన్నప్పుడు బొమ్మలు నేర్పినవారు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర ధ్రువపత్రం ఇప్పుడే తీసుకో.

ఇంత చేసినా ఆయన ఒప్పుకోకపోతే, గడువు దాటకముందే సంతకం పెట్టి దరఖాస్తు ఇచ్చేయ్. 19 ఏళ్ల దానివి, ఆ హక్కు నీకుంది. దాచవద్దు. అదే రోజు సాయంత్రం ఫోను చేసి నాన్నగారికి నువ్వే చెప్పు. కోప్పడితే విను. ఆయన మాట పూర్తయ్యేదాకా ఫోను పెట్టేయకు.