నెట్ బాగానే ఉన్నా ల్యాప్‌టాప్‌లో వీడియో ఎందుకు తెగి తెగి ఆడుతుంది?

డిస్కులో ఉన్న వీడియో సైతం తెగుతోందంటే, దానిని విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్పుకు బదులు ప్రాసెసరే మోయవలసి రావడమే చాలావరకు కారణం. వీడియోలో బొమ్మలు కుదించి ఉంటాయి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, ఉన్నప్పుడు ఒక్కో ఫ్రేమును సుమారు 16.7 మిల్లీసెకన్లలో విప్పి తెరకు అందించాలి, ఆలస్యమైన దానిని ప్లేయర్ వదిలివేస్తుంది, మనకు కుదుపుగా కనిపించేది అదే.

తిరుపతి గోవిందరాజస్వామి రథోత్సవాన్ని కొత్త ఫోనులో 4కె స్పష్టతతో, హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో తీసి, ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లో చూస్తే రథం నిజంగానే ఈడ్చినట్టు కదులుతుంది, ఎందుకంటే ఆ పద్ధతిని పూర్తిగా విప్పగల ఏర్పాటు ఇంటెల్ గ్రాఫిక్స్‌లో 2015 నాటి ఆరో తరంతో వచ్చింది. అదే వీడియోను 4కె కంటే చిన్నదైన 1080పి స్పష్టతకు, పాత యంత్రాలూ విప్పగల హెచ్.264 పద్ధతిలోకి మార్చితే సాఫీగా ఆడుతుంది. కొత్త యంత్రమైతే ప్లేయరులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించే అమరిక) ఆన్ చేసి, గ్రాఫిక్స్ డ్రైవరును, అంటే ఆ చిప్పును నడిపే సాఫ్ట్‌వేరును, నవీకరించాలి. మే నెల ఎండల్లో మాత్రం ఫ్యానులోని దుమ్ము తీయడం ముందు పని, వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

నెట్ నెమ్మదించడమే కారణమని చాలామంది పొరబడతారు. నెట్ చాలకపోతే శబ్దం, బొమ్మ రెండూ ఆగి చక్రం తిరుగుతుంది. శబ్దం సాగుతూ బొమ్మ మాత్రమే కుదుపులతో కదిలితే లోపం చాలావరకు ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.