ఉగాండా ప్రయాణం, పుట్టినరోజు ఖర్చు

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఒక సంస్థ ద్వారా ఉగాండాలో ఒక పాపను చదివిస్తున్నాం. ఆ పాపను చూసి రావడానికి, మా పిల్లల పుట్టినరోజు వేడుక ఈసారి మానేస్తే అన్యాయమా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్యాయమేమీ లేదమ్మా. ముందు సంస్థకు రాయండి; చెప్పకుండా నేరుగా ఆ ఊరికి వెళ్లకూడదు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, అక్కడి ఎంటెబ్బె విమానాశ్రయంలో ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు చూపాలి. మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడగండి. ట్యాబ్‌లు, ఖరీదైన బొమ్మలు మోసుకెళ్లకండి, తోటి పిల్లల మధ్య ఆ పాపకే ఇబ్బంది. అక్కడ పోషో పెడతారు, మన సంగటిలాంటి మొక్కజొన్న ముద్ద, పక్కన ఉడికించిన రాజ్మా. మీ పిల్లలు మూతి ముడవకుండా తింటే అదే పెద్ద కానుక. పుట్టినరోజు పూర్తిగా మానకండి. హాలు అద్దె, రిటర్న్ గిఫ్టులు తీసేసి పాయసం ఉంచండి. చీరల ఖర్చు సంగతి మీరు రాయలేదు, నేనూ అడగను.