తుప్పు ట్యాంక్ రిపేరు వికటిస్తే డీజిల్ పంపు ఖర్చు ఎవరిది?

ప్రశ్న: నాది పాత ట్రాక్టర్. సొంత పొలానికి, అప్పుడప్పుడు పక్క రైతులకు కిరాయికి నేనే నడుపుతాను. డీజిల్ ట్యాంక్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడితే మెకానిక్‌కు ఇచ్చాను. అతుకు వేసి, లోపల కోటింగ్ పోసి, ఏడాది వరకు ఢోకా లేదన్నాడు. డబ్బు ఫోన్‌లో పంపాను, బిల్లు ఇవ్వలేదు. రెండు నెలలకే కోటింగ్ పొరలుగా ఊడి ఫిల్టర్ మూసుకుపోయింది, పంపు పాడైంది. పంపును వేరేచోట బాగుచేయించాను. ట్యాంక్ మళ్లీ అతనికే ఇస్తే, రెండోసారి పనికీ డబ్బు కడితేనే ఇస్తానంటున్నాడు. పంపు ఖర్చు రాబట్టవచ్చా? బిల్లు లేకుండా కేసు నిలుస్తుందా?

జవాబు: రాబట్టవచ్చు. బిల్లు గురించి టెన్షన్ పడకండి. పని చేసి బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అంటే అది అతని తప్పు, మీది కాదు. ఫోన్‌లో డబ్బు పంపిన వివరం, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్‌లో మీ ఇద్దరి మాటలు ఉంటే చాలు. 'ఏడాది వరకు ఢోకా లేదు' అన్నది వాయిస్ మెసేజ్‌లో ఉంటే ఫోన్ మార్చినా దాన్ని పోగొట్టుకోకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

కిరాయికి తిప్పుతున్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదని అవతలి పక్షం వాదిస్తుంది. ఎప్పుడూ వినే వాదనే. సొంతంగా పనిచేసుకుంటూ కేవలం జీవనోపాధి కోసం కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టమే చెబుతోంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. రైతులూ వినియోగదారులేనని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. నాలుగైదు ట్రాక్టర్లు, జీతాల డ్రైవర్లు ఉన్న కిరాయి వ్యాపారమైతే నేను ఇంత ధీమాగా చెప్పేవాడిని కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. పంపు చెడింది ఆ కోటింగ్ వల్లే అని మీరు చూపించాలి. మెకానిక్ ఏమంటాడో ఇప్పుడే చెప్పగలను: డీజిల్ కల్తీదని, నీళ్లు చేరాయని, పంపు ముందే అరిగిపోయి ఉందని. పాత బండి కాబట్టి ఈ మాటలు వినేవారికి నమ్మబుద్ధవుతాయి కూడా. వాటికి జవాబు మీ పాత ఫిల్టర్‌లోనే ఉంది. తుప్పు పూర్తిగా తీసి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టాకే కోటింగ్ రేకును పట్టుకుంటుంది. తుప్పు మీదే పోసేస్తే కొన్నాళ్లకు చెక్కులుగా లేస్తుంది. ఊడిన ముక్కను తిప్పి చూడండి. రేకు వైపు గోధుమ రంగు తుప్పు పొర అంటుకుని ఉంటే, అడుగు శుభ్రం చేయకుండానే కోటింగ్ పోశాడనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఆ ముక్కలు, పాత ఫిల్టర్, పంపులోంచి తీసిన భాగాలు మూత ఉన్న డబ్బాలో దాచండి. పంపు బాగుచేసిన వ్యక్తి దాన్ని విప్పినప్పుడు లోపల ఏం కనిపించిందో తేదీతో రాయించుకోండి. తర్వాత అదే అఫిడవిట్ అవుతుంది. ఇంట్లోవాళ్లు ఆ చెత్తను పారేశారంటే సగం కేసు దానితోనే పోతుంది.

ఒక్కటి మాత్రం మీ మనస్సాక్షినే అడగండి. 'ఈ ట్యాంక్ పనికిరాదు, కొత్తది వేయించుకోండి' అని అతను మొదటే చెప్పినా, మీరే అతుకుతో సరిపెట్టమన్నారా? అలా అయితే కేసు బలహీనమే. మీ లేఖలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి చెప్పలేదనే అనుకుంటున్నాను.

ఇక ట్యాంక్ పట్టి ఉంచడం. కాంట్రాక్ట్ చట్టం-1872, సెక్షన్ 170 ప్రకారం శ్రమో నైపుణ్యమో పెట్టి పనిచేసినవాడు తన కూలీ అందేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. కానీ ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినప్పుడే ఆ హక్కు. తన పాడు పనిని తానే సరిదిద్దడానికి మళ్లీ కూలీ అడిగి, దానికోసం ట్యాంక్ ఆపడం నా దృష్టిలో చెల్లదు. అయినా దుక్కుల సమయంలో హక్కుల గురించి వాదిస్తూ కూర్చోలేరు. 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని మెసేజ్ పెట్టి, డబ్బు కట్టి తెచ్చుకోండి. ఆ మొత్తాన్నీ కేసులో అడగవచ్చు. కట్టడం ఇష్టం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలకముందే ఇచ్చే ఆదేశం) కోరవచ్చు, అయితే ఆలస్యమవుతుంది. ఏది చేసినా ట్యాంక్ లోపలి భాగాన్ని టార్చి వేసి ఫొటోలు తీయండి. అతను గీకేశాక చూపించడానికేమీ మిగలదు.

ఎంత అడగాలి? మొదటి రిపేరు డబ్బు, పంపు ఖర్చు, ఆ రోజుల్లో వేరే ట్రాక్టర్‌కు కట్టిన కిరాయి. వీటికి రశీదులు ఉండాలి. మానసిక వేదనకు, ఖర్చులకు విడిగా కొంత అడగవచ్చు. అదును తప్పి పంట తగ్గిందని అడగకండి. దూరపు నష్టానికి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 పరిహారం ఇవ్వదు, పైగా అతిగా అడిగితే నిజమైన పద్దుల మీద కూడా అనుమానం వస్తుంది.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. స్పందన లేకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, మెకానిక్ ఉండే జిల్లాకు వెళ్లనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. కమిషన్ రాజీకి అవకాశం ఉందనుకుంటే, ఇద్దరూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. అక్కడ అతను పంపు ఖర్చు ఇచ్చి కొత్త ట్యాంక్ వేయిస్తానంటే ఒప్పుకోండి. అదే ట్యాంక్‌కు మళ్లీ కోటింగ్ పోస్తానంటే మాత్రం సంతకం పెట్టకండి.