ఎక్స్-రేలో కనిపించే మందు పూసల వల్ల లాభమేమిటి?

నాన్నగారి కాలేయంలో 5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉందనీ, తొడ దగ్గరి ధమని గుండా ఎక్స్-రేలో కనిపించే మందు పూసలు పంపుతామన్నారనీ రాశారు. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా నాన్నకు ఇదే చికిత్స చేయించాం.

కాలేయానికి ముప్పావు వంతు రక్తం పేగుల నుంచి పోర్టల్ సిరలో వస్తుంది, మిగతాది ధమనిలో. గడ్డ మాత్రం దాదాపు ధమని మీదే బతుకుతుంది. జీవితమంతా వరి పండించిన నాన్న డాక్టరు మాట విని, "పెద్ద కాలువ జోలికి పోకుండా ఆ ఒక్క మడి బోదె కట్టేస్తారన్నమాట" అన్నారు. అంతే.

పూసలు ఇసుక రేణువుల కన్నా సన్నం. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును పీల్చుకుని, గడ్డలో ఇరుక్కుని, నెమ్మదిగా వదులుతాయి. మామూలు పూసలైతే వాటితో కలిపి పంపే రంగు మందే తెరమీద కనిపిస్తుంది, అది కాసేపటికి కొట్టుకుపోతుంది. ఈ రకంలో అయోడిన్ పూసకే అతుక్కుని ఉంటుంది కాబట్టి తర్వాత కూడా కనిపిస్తుంది.

మరునాటి సీటీ ఫిల్మును డాక్టరు కిటికీ వెలుగుకు పట్టి చూపించారు. గడ్డ నిండా నూకలు చల్లినట్టు తెల్లని చుక్కలు, వెనక అంచున అరచంద్రం మేర ఖాళీ. ఆ భాగానికి రక్తం డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) వైపు ధమని నుంచి వస్తోందని తర్వాత తేలింది. రెండో విడత ఆ దారినే వెళ్లారు. ఆ ఖాళీ కనిపించకపోతే గడ్డ మళ్లీ పెరిగేదాకా మాకు తెలిసేది కాదు. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

అయితే తెల్లగా ఉన్నంత మేరా గడ్డ చచ్చిందనుకోకండి. మందంతా వదిలేశాక కూడా పూస తెల్లగానే ఉంటుంది. గడ్డ బతికి ఉందో లేదో 4 నుంచి 6 వారాల తర్వాత రంగు మందు ఎక్కించి తీసే స్కాన్ చెప్పాలి. సీటీలో ఆ తెలుపే అడ్డుపడవచ్చు, ఎమ్మారై కుదురుతుందేమో అడగండి. రక్తంలో బిలిరుబిన్ (పెరిగితే కామెర్లు వచ్చే పసుపు పదార్థం) ఎంతుందో, పోర్టల్ సిర మూసుకుపోకుండా తెరుచుకునే ఉందో చికిత్సకు ముందే కనుక్కోండి.

ఇంటికొచ్చాక నాన్నకు నాలుగు రోజులు జ్వరం, కుడి డొక్కలో నొప్పి. ఇలా ఉంటుందని ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని కాకినాడ పరుగెత్తాం. తేలికపాటి జ్వరం చాలామందికి మామూలేనట. వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి.