అమ్మలూ, ట్రయల్స్‌కి వెళ్లేముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ వచ్చి కూర్చుని ఒకటే గొడవ, "అప్పా, డిగ్రీ అయిపోతోంది, ఇంక బాస్కెట్‌బాలే ఆడతానంటోంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని. నేను మానెయ్యమంటానని ఆశపడింది పాపం. నేనలా చెప్పను. రాయగడలో మన గ్రౌండులో రింగుకి నెట్ లేకపోతే నైలాన్ తాడు తెచ్చి నీ చేత్తో అల్లి కట్టావు చూడు, ఆ రోజే నాకు తెలుసు నువ్వు వదలవని. కాబట్టి ఎలా వెళ్లాలో చెప్తా, విను.

ముందు ప్రొఫెషనల్ అంటే ఏంటో మనసులో క్లియర్‌గా పెట్టుకో. నువ్వు ఫోన్లో చూసేది అమెరికా పద్ధతి, అక్కడ కాలేజీలో ఆడినవాళ్లు డ్రాఫ్ట్‌కి వెళ్తారు, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం, వాళ్ల పెద్ద లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ అంటే రెండు రౌండ్లు, 60 పేర్లు, అంతే. 2015లో మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ వాళ్లు 52వ పేరుగా తీసుకున్నారు, ఇండియా నుంచి మొదటివాడు, అయినా ఎన్‌బీఏ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడపిల్లల్లో గీతూ అన్నా జోస్ 2011లో అమెరికా ఆడవాళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టీముల ట్రయల్స్‌కి వెళ్లింది, అక్కడ కుదరలేదు, కానీ అంతకుముందే ఆస్ట్రేలియాలో ఆడింది, సదరన్ రైల్వేకి ఆడింది, ఇండియా కెప్టెన్ అయ్యింది, అర్జున అవార్డు వచ్చింది. నీకు దారి అదే. మనదగ్గర అమ్మాయికి బాస్కెట్‌బాల్ కూడు పెట్టాలంటే ముందు రైల్వేలాంటి చోట స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. నేనూ 1996లో అలాగే చేరా.

ఇంక ఆట సంగతి. కాలేజీ టీములో బాల్ అంతా నీ చేతిలోనే ఉంటుంది కదా, 20 షాట్లు వేస్తావు, 8 పడితే అందరూ చప్పట్లు. పై టీములో ఆ 20 షాట్లు నీకెవరూ ఇవ్వరు. అక్కడ ఉన్న పన్నెండు మందీ ఎవరి కాలేజీలో వాళ్లు నీలాంటి స్టార్లే. కోచ్ నిన్ను దింపితే నాలుగు నిమిషాలకి దింపుతాడు, ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ల మంచి షూటర్‌ని నువ్వు బాల్ ముట్టనివ్వకూడదు, కార్నర్‌లో ఖాళీగా దొరికిన ఒక్క షాటూ వెయ్యాలి. నేను మొదటి క్యాంపులో దీనికే ఏడ్చా, నన్ను తొక్కేస్తున్నారనుకున్నా, అది తప్పు. డిఫెన్స్, కార్నర్ షాటు, ఈ రెండూ పట్టుకో చాలు.

మన దగ్గర అమ్మాయిల టీము లేక అబ్బాయిలతో ఆడి ఆడి నీ చెయ్యి 7వ సైజు బాల్‌కి అలవాటు పడిపోయింది. ఆడవాళ్ల మ్యాచ్‌లో 6వ సైజు, అది చిన్నది, తేలిక, మొదటి రోజు నీ షాట్లన్నీ రింగు దాటి వెనక బోర్డుకి కొడతాయి. ఇప్పుడే 6 కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తా. ఇంకోటి, మనం ఇంట్లో తెలుగు, బయట ఒడియా, క్యాంపులో అంతా హిందీ. స్క్రీన్ వస్తుంటే, అదే, అవతలి టీము పిల్ల దారికి అడ్డంగా నిలబడుతుంటే, గట్టిగా అరిచి చెప్పకపోతే నీ పక్క పిల్ల గుద్దుకుని పడిపోతుంది, భాష రాదని నోరు మూసుకుని ఆడేవాళ్లని ఏ కోచూ ఉంచుకోడు.

మోకాలు గురించి మాత్రం నా మాట వినాలి అమ్మలూ. రెండో ఏడాది క్యాంపులో నాకు కుడి మోకాలు వాచింది, చెప్తే టీములోంచి తీసేస్తారని క్రేప్ బ్యాండేజీ చుట్టి పైన మోకాలి క్యాప్ వేసుకుని ఆడేశా. మూడో రోజు రిబౌండ్‌కి ఎగిరి ఒంటికాలి మీద దిగా, మోకాలు లోపలికి మళ్లింది, టప్ మని చప్పుడు, కింద పడ్డాక కూడా బాల్ ఎవరికి వెళ్లిందా అనే చూస్తున్నా. చూసిన డాక్టరు బెణుకన్నాడు, కట్టు కట్టి పంపాడు. మోకాలి లోపలి లిగమెంటు, ఏసీఎల్, తెగిందని తెలిసేసరికి ఏడు నెలలు పోయాయి, ఆ తర్వాత నేను మునుపటిలా ఎగరలేదు. అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఇది ఎక్కువగా తెగుతుంది, అందుకే వారానికి మూడు రోజులు, బాల్ పట్టకముందు పావుగంట, మెట్టు మీంచి దూకి రెండు కాళ్ల మీదా మెత్తగా దిగడం ప్రాక్టీస్ చెయ్యి, మోకాళ్లు వంగాలి, కాలివేళ్ల వైపే ఉండాలి, లోపలికి పోకూడదు. ఫ్రెండుని స్లో మోషన్‌లో వీడియో తియ్యమని నాకు పంపు. వాస్తే మాత్రం దాచకు, ఆ రోజే చెప్పు.

తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, చోడంబలి, గుడ్లు మానకు, హాస్టల్లో మ్యాగీతో పడుకోకు.

కాగితాలు. నీకు ఆట వచ్చినా ఇవి లేకపోతే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అప్లికేషనే తీసుకోరు. ఇంటర్ యూనివర్సిటీ ఆడినదానికి ఫామ్ 3, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫామ్ 2, వేరువేరు. ఆడినప్పుడు ఇచ్చే రంగుల సర్టిఫికెట్ చాలనుకుంటారు పిల్లలు, చాలదు, ఫామ్ మీద యూనివర్సిటీ స్పోర్ట్స్ వాళ్ల సంతకం, సీలు ఉండాలి. డిగ్రీ కూడా పూర్తి చెయ్యి, మోకాలు పోయాక నాకు ప్రమోషన్ తెచ్చింది ఆ బీకామే.

నువ్వు బరంపురంలో ఉండగానే ఈ పని అయిపోవాలి, హాస్టల్ ఖాళీ చేశాక రాయగడ నుంచి ఎన్నిసార్లు హీరాఖండ్ రైలు ఎక్కుతావు? సోమవారం పొద్దున్నే వెళ్లి ఫామ్ 3 గురించి అడుగు, ఏమన్నారో సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ