తాగి గుద్దినవాళ్లు స్టాంపు పేపరు తెచ్చారు, సంతకం పెట్టమంటారా?

మీరు రాసింది ఇదీ: మీ అన్నయ్య బండి మీద వస్తుంటే తాగి నడుపుతున్న కారు గుద్దింది. తొడ ఎముక విరిగి పది రోజులుగా ఆస్పత్రిలో ఉన్నారు. కారు వాళ్లు వచ్చి "ఖర్చులు మేం పెట్టుకుంటాం, తాగి నడిపిన కేసు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లు ఎలాగూ పైసా ఇవ్వరు, కేసు వద్దని రాసివ్వండి" అంటున్నారు. రాసివ్వాలా అని ఒక ప్రశ్న. ఇలాంటి వాళ్లను ఆపే దారే లేదా అని ఇంకోటి.

రాసివ్వకండి. నేను వకీలును కాదు, తెనాలిలో మోటారు వైండింగ్ షాపు నడుపుకునేవాణ్ణి. 2023 ఫిబ్రవరిలో అచ్చం ఇదే నాకు జరిగింది.

రాత్రి ఎనిమిదిన్నరకు షాపు మూసి ఇంటికి వెళ్తున్నా. వెనక నుంచి కారు. పడ్డాక నాకు గుర్తున్నది రెండే: నా కుడి కాలు మోకాలి కింద పక్కకు తిరిగి ఉండటం, ఒకాయన నా మీదకి వంగి "బ్రదర్, ఏం కాలేదు కదా" అంటుంటే గుప్పున వచ్చిన వాసన. పోలీసులు వచ్చేసరికి ఆయన లేడు. మర్నాడు మధ్యాహ్నం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కు వచ్చాడు. ఇంక ఊదించి ఏం లాభం? చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే నేరం, కానీ అది అప్పటికప్పుడు తేలాలి. నా కేసులో తాగిన సెక్షన్ పడలేదు, నిర్లక్ష్యంగా నడిపిన సెక్షన్లే పడ్డాయి.

మూడో రోజు ఇద్దరు పెద్దమనుషులు వార్డుకే వచ్చారు. చేతిలో వంద రూపాయల స్టాంపు పేపరు, ముందే టైపు చేసి ఉంది. అప్పటికి వాళ్లు 40 వేలు కట్టారు. మా బావ పెన్ను తీశాడు కూడా. మా అమ్మే "కాలు బాగై నడిచాక పెడతాంలే నాయనా" అని పేపరు మడిచి వాళ్ల చేతిలోనే పెట్టింది. కాల్లో రాడ్డు వేసి డిశ్చార్జి చేసేటప్పటికి బిల్లు 2 లక్షలు దాటింది. అప్పటి నుంచి మేం ఫోన్ చేస్తే వాళ్లు ఎత్తితే ఒట్టు.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. "తాగితే ఇన్సూరెన్స్ రాదు" అన్న మాట సగం నిజం. తాగి గుద్దుకున్నవాడి సొంత కారు రిపేరుకు రాదు. దెబ్బ తగిలిన మీ అన్నయ్యకు రావాల్సింది ఆ కారు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి, అంటే కారు వల్ల బయటివాళ్లకు జరిగిన నష్టానికి కట్టేది. ఆ దారి వేరు. 2019 సవరణలో తాగి నడపడాన్ని కూడా కంపెనీ "మేం కట్టం" అని వాదించుకోదగ్గ కారణాల్లో చేర్చారు, నిజమే. అయినా బాధితుడి దగ్గరికి వచ్చేసరికి కోర్టులు పట్టుకునే దారి ఒకటుంది: ముందు కంపెనీ కట్టాలి, తర్వాత కారు ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. 2023లో కేరళ హైకోర్టు తాగి నడిపిన కేసులోనే ఈ మాట చెప్పింది. అంటే చివరికి ఎవరి జేబుకు చిల్లు పడుతుంది? ఓనరు జేబుకే. ఆ స్టాంపు పేపరు అంత తొందరగా ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

పైగా నష్టపరిహారం రావాలంటే వాడు తాగాడని మీరు రుజువు చేయక్కర్లేదు. నిర్లక్ష్యంగా నడిపాడని తేలితే చాలు, క్రిమినల్ కేసంత గట్టి రుజువు కూడా అవసరం లేదు. పోలీసు కేసు వేరు, నష్టపరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మనం వేసే ఓపీ (దరఖాస్తు) వేరు. ఒకటి ఏమైనా రెండోది దాని దారిన అది నడుస్తుంది.

వెంటనే చేయాల్సింది కాగితాలు పోగేయడం. ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి వాళ్లు మెడికో లీగల్ కేసుగా నమోదు చేసిన వివరం, వూండ్ సర్టిఫికెట్ (ఏ దెబ్బలు తగిలాయో డాక్టరు రాసిచ్చేది), బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (ప్రమాదం చేసిన బండిని పరీక్షించే రవాణా శాఖ అధికారి) రిపోర్టు, మెడికల్ షాపు చిన్న చీటీతో సహా ప్రతి బిల్లూ. కారు నంబరు, ప్రమాదం రోజుకు దాని పాలసీ అమల్లో ఉందా లేదా అన్నది ఎస్సైని అడగండి. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రూల్స్ ప్రకారం పోలీసులే 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు పంపాలి, బాధితుడికి తన హక్కులు చెప్పే ఫారం కూడా ఇవ్వాలి. నాకెవరూ ఇవ్వలేదు. అడిగితే గానీ ఇవ్వరు, కాబట్టి అడగండి. పోలీసులు పంపుతారులే అని కూర్చోకుండా ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మీ దరఖాస్తు మీరు వేయించండి. ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలని లేదు, మీరు ఉండే చోట వేసుకోవచ్చు.

ఫీజు గురించి ఒక మాట. మొదట కలిసిన వకీలు వచ్చినదాంట్లో మూడో వంతు అడిగాడు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. డబ్బు ఇబ్బందిగా ఉంటే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

అసలు పోరాటం ఎక్కడంటే, ఆదాయం దగ్గర, వైకల్యం దగ్గర. మెడికల్ బోర్డు నాకు 20 శాతం అని రాసింది. కానీ వైండింగ్ పని చూసినవాళ్లకు తెలుసు. స్టేటర్ (మోటారులో తిరగకుండా ఉండే భాగం) ముందు పెట్టుకుని బాసింపట్టు వేసి గంటలు గంటలు కూర్చుంటేనే స్లాట్లలోకి కాయిల్ దిగుతుంది. నా మోకాలు ఇప్పుడు సగం కూడా మడవదు. స్టూలు మీద కూర్చుని చేస్తే రోజుకు రెండు మోటార్లు అయ్యే చోట ఒకటే అవుతోంది. సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, శరీరానికి ఎంత శాతం అన్నది కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ అన్నది చూడాలని. మా వకీలు నన్ను బోనులో నేల మీద కూర్చోమన్నాడు, కూర్చోలేకపోయాను. ట్రిబ్యునల్ 30 శాతం తీసుకుంది.

లెక్క చూడండి. నెలకు 18 వేలు అని చెప్పాను, ఐటీ రిటర్నులు లేవు. ఫోన్‌పే స్టేట్‌మెంట్, రాగి తీగ కొన్న బిల్లులు చూసి 12 వేలకు ఒప్పుకున్నారు. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపారు, 16,800 అయింది. ఏడాదికి 2,01,600. నా వయసు 33, దానికి గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో వయసును బట్టి ఉండే అంకె) 16. అందులో 30 శాతం అంటే 9,67,680. బోర్డు రాసిన 20 శాతమే పట్టుకుని ఉంటే 6,45,120 దగ్గర ఆగేది. దీనికి ఆస్పత్రి ఖర్చు, నొప్పికీ బాధకూ, మంచాన ఉన్న నెలల సంపాదన, వడ్డీ అదనం. రెండున్నరేళ్లు పట్టింది, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచారు. ఆ రోజు స్టాంపు పేపరు మీద రాసి ఉన్నది ఎంతో తెలుసా? లక్షా పాతిక వేలు.

2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులకు లక్షన్నర వరకు నగదు కట్టక్కర్లేని వైద్యం పథకం కూడా ఉంది. మీకు ఆ ఏడు రోజులూ దాటిపోయాయి, అయినా ఆస్పత్రి దాని కింద నమోదు చేసిందేమో కనుక్కోండి.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగా ఉంది. ప్రమాదానికి ముందు నేనూ గుంటూరులో రెండు బీర్లు తాగి బండి మీద తెనాలి వచ్చినవాణ్ణే. ఎన్నిసార్లో లెక్క లేదు. "బండే కదా, పడితే నేనే పడతా" అనేవాణ్ణి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు సంగతి చదివారు కదా. తాగి పడిపోయినవాడి బండి రోడ్డు మీద ఉంది, దాన్ని ఈడ్చుకెళ్లిన బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

మొదటి తప్పుకు పది వేల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉన్నాయి. తాగినవాడికి ఆ క్షణంలో ఇవేవీ గుర్తు రావు. కాబట్టి తాగకముందే తాళం పక్కవాడి చేతికి పోవాలి. మా మేనల్లుడి పెళ్లిలో నేనూ మా అక్కా సాయంత్రం ఆరింటికే తొమ్మిది బండ్ల తాళాలు వసూలు చేసి బియ్యం డబ్బాలో వేశాం. పదకొండింటికి ఒకడు వచ్చి "మజ్జిగ తాగాను, దిగిపోయింది" అన్నాడు. మజ్జిగకీ కాఫీకీ చన్నీళ్ల స్నానానికీ మత్తు దిగదు, గంటలు గడిస్తేనే దిగుతుంది. మూడు గంటలు పడుకుని తెల్లవారుజామున స్టీరింగ్ పట్టేవాడి ఒంట్లో కూడా ఇంకా ఉండొచ్చు. వాడు తిట్టాడు, అక్క తిరిగి తిట్టింది. పొద్దున టిఫిన్ తిన్నాకే తాళం ఇచ్చాం.

మీ అన్నయ్య ఏం పని చేస్తారో రాయలేదు. నిలబడి చేసే పనా, కూర్చుని చేసే పనా, నెల జీతమా, రోజు కూలీయా? అది చెబితే ఆదాయానికి ఏ కాగితాలు దాచుకోవాలో నాకు తెలిసినంత చెబుతా. ఈలోపు వాళ్లు మళ్లీ వస్తే మా అమ్మ మాటే చెప్పండి, కాలు బాగై నడిచాక చూద్దామని.